కెమెరా మా పిల్లలది, కథ మాత్రం మీదా?

రెండేళ్ళ కింద, బడులు తెరిచిన కొద్దిరోజులకే పై ఆఫీసు నుంచి మా ఆశ్రమ పాఠశాలకు ఒక కాగితం వచ్చింది. పిల్లలతో లఘుచిత్రాలు తీయించాలి, నిడివి ఐదు నుంచి ఏడు నిమిషాలు, ఫోన్‌తో తీసినా పరవాలేదు, బాగున్నవాటికి బహుమతి. చదివి సంతోషపడ్డాం. కాగితం తిప్పితే వెనక అంశాల జాబితా కనిపించింది. మద్యపానం. మూఢనమ్మకాలు. బాల్యవివాహాలు. బడి మానేయడం. పరిశుభ్రత. వీటిలో ఒకటి ఎంచుకోవాలి, చివర మంచి సందేశం ఉండాలి.

ఐదు అంశాలు. ఐదింటిలోనూ తప్పు మాదే. తాగేది మేం, భూతవైద్యుణ్ణి నమ్మేది మేం, పిల్లకు తొందరపడి పెళ్ళి చేసేది మేం, బడి మాన్పించేది మేం, చేతులు కడుక్కోనిది మేం. ఉట్నూరు ఏజెన్సీలో పుట్టిన పన్నెండేళ్ళ పిల్ల జీవితంలో మొదటిసారి కథ చెప్పడానికి కెమెరా పట్టుకుంటే, ఆ కెమెరాను ముందు తన తల్లిదండ్రుల మీదికి తిప్పాలి, అదీ తప్పు పట్టడానికే తిప్పాలి.

అప్పుడు మేం ఆ కాగితాన్ని ఇలా చదవలేదు. ఉన్నమాట చెప్పుకోవాలి. మద్యపానం తీసుకున్నాం. స్టాఫ్ రూములో చాయ్ తాగుతూ ఇరవై నిమిషాల్లో కథ రాసేశాం. నాయన తాగుతాడు, అమ్మ ఏడుస్తుంది, కొడుకు బడి మానేస్తాడు, సార్ ఇంటికొచ్చి రెండు మంచి మాటలు చెప్తాడు, నాయనకు బుద్ధొస్తుంది, సీసాను నేలకేసి కొడతాడు. పిల్లల్ని ఒక్క మాట అడగలేదు. తొమ్మిదో తరగతి పిల్లవాడి తలకు తువ్వాల చుట్టి నాయనను చేశాం. వాడు తూలడం బాగా చేశాడని మెచ్చుకున్నాం కూడా.

తల్లిదండ్రుల సమావేశం రోజు సాయంత్రం వరండాలో తెల్లదుప్పటి కట్టి ఆ సినిమా వేశాం. సీసా పగిలినప్పుడు మేమే ముందు చప్పట్లు కొట్టాం. పిల్లలూ కొట్టారు. పెద్దవాళ్ళు కొట్టలేదు. అయిపోయాక ఒక ఊరి పట్లా లేచి అడిగాడు: "గురూజీ, ఆ సీసల ఉన్నదేంది?" ఇప్పసారా అనుకోండి అన్నాం. "పేన్‌కు ధారపోసేది దాన్నే గదా. దాన్ని నేలకేసి కొట్టించి పిల్లలతోని చప్పట్లు కొట్టించిండ్రు." అంతే అన్నాడు. కోపంగా కూడా అనలేదు. తువ్వాల సర్దుకుని అన్నానికి పోయాడు.

ఆ రాత్రి నుంచి మాలో మాకు జరిగిన వాదులాటే ఈ వ్యాసం.

ముందు ఒక మాట. తాగుడు మా గూడేలను తినేస్తున్నదని మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మాలో తండ్రిని, అన్నను అలా పోగొట్టుకున్నవాళ్ళం ఉన్నాం. కానీ చంపుతున్నది ఏది? చెట్టు కింద ఏరి, ఎండబెట్టి, కాచి, పండుగకు పేన్ ముందు పోసే ఇప్పసారానా? అట్టపెట్టెల్లో బండి మీద వచ్చి కిరాణా కొట్టు వెనక గదిలో దిగే సీసాలా? ఏ ఊళ్ళో బెల్టుషాపు ఎవరు నడుపుతారో ఆరో తరగతి పిల్లలకు తెలుసు. మా సినిమాలో బెల్టుషాపు లేదు. పెట్టాలని మాకు తోచలేదు. 'మద్యపానం' అని ఒక్క ముక్క అంశంగా చేతికిచ్చినప్పుడే కారణాలన్నీ కత్తిరించి ఇచ్చారు. మిగిలింది తాగే మనిషి ఒక్కడే.

తర్వాత మా ఎనిమిదో తరగతి పిల్లవాడు ఒకడు, అదే విషయం మీద, మేం అడక్కుండానే ఒక కథ చెప్పాడు. అమ్మ నోట్‌బుక్‌కు యాభై రూపాయలిచ్చి కొట్టుకు పంపుతుంది. కొట్టువాడు నోట్‌బుక్కులు అయిపోయాయి, వచ్చే సోమవారం రా అంటాడు. పిల్లవాడు అక్కడే నిలబడతాడు. వాడు నిలబడి ఉండగానే ముగ్గురు వచ్చి వెనక గది నుంచి సీసాలు పట్టుకుపోతారు. అవి అయిపోవు. పిల్లవాడు యాభై నోటు మడతపెట్టి జేబులో పెట్టుకుని ఇంటికి పోతాడు. ఇదీ కథ. ఎవరూ ఏడవలేదు, ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. మేం ఇరవై నిమిషాల్లో రాసిన దాన్నీ, వాడు రెండు నిమిషాల్లో చెప్పిన దాన్నీ పక్కపక్కన పెట్టుకుని చూస్తే మాకు సిగ్గేసింది.

మేం ఎందుకిలా తయారయ్యాం? ఉపాధ్యాయ శిక్షణలో మాకు పాఠ్యపథకం రాయడం నేర్పారు. మొదటి గడిలో లక్ష్యాలు, స్పష్టీకరణలు. పాఠం ఏమిటో, ఎదుట కూర్చున్న పిల్లలెవరో తర్వాత సంగతి, లక్ష్యం ముందు రాయాలి. భాగహారం చెప్పడానికి అది పనికొస్తుంది. కథకు అదే పద్ధతి పెడితే ఏమవుతుందో మా సినిమాలో కనిపించింది. సందేశం ముందే రాసిపెట్టుకుంటే మనుషులు ఆ సందేశానికి కూలీలవుతారు. చూసేవాడికి మొదటి నిమిషంలోనే చివరి నిమిషం తెలిసిపోతుంది.

ఇక రెండో రకం చిత్రాలున్నాయి. 'మన సంస్కృతి' చిత్రాలు. వీటిలో మాకు తిట్లు ఉండవు, అందుకే మరింత జాగ్రత్త కావాలి. డప్పుల చప్పుడు, నెమలీకల టోపీ, గుండ్రంగా తిరిగే ఆట, వెనక నుంచి రేడియో గొంతుతో వ్యాఖ్యానం: 'అమాయక గిరిజనులు ప్రకృతి ఒడిలో...' మా పిల్లలే ఈ వాక్యం రాసుకొస్తున్నారు. ఎక్కడో విన్నారు, నేర్చుకున్నారు. గుస్సాడీ వేసే మనిషి దండారి రోజుల్లో స్నానం చేయడు, నియమంలో ఉంటాడు, ఊరి నుంచి ఊరికి అతిథిగా పోతాడు, కోలబొడి నాడు దీక్ష విడుస్తాడు. ఆ మనిషినే ఏ ఎండాకాలమో పిలిచి, నాయకుడి కారు ముందు ఆడిస్తారు. 2021లో మార్లవాయి కనకరాజుకు పద్మశ్రీ వస్తే మేం గర్వపడ్డాం. ఆయన నేర్పిన ఆటను స్వాగత తోరణంలా వాడుకునేవాళ్ళ మీద మా కోపం అలాగే ఉంది. మన పిల్లల కెమెరా కూడా ఆ కారు పక్కన నిలబడి తీస్తే, మనకూ వాళ్ళకూ తేడా ఏమిటి?

మా బడిలో ఒక పిల్ల అడిగింది: "గుస్సాడీ వేసే అన్నకు అదే వారంలో కానిస్టేబుల్ పరీక్ష ఉంటే ఎట్ల సార్?" ఇది కథ. నెమలీకల టోపీ ఇందులోనూ ఉంటుంది. కానీ ఇప్పుడు ఆ టోపీ కింద ఒక మనిషి ఉన్నాడు, వాడికో తలనొప్పి ఉంది.

పెద్ద సినిమాల సంగతి కూడా చెప్పుకోవాలి, పిల్లలు వాటినే చూసి వస్తారు కాబట్టి. 2022లో వచ్చిన 'ఆర్‌ఆర్‌ఆర్' ఒక గోండు పిల్లను దొరలు ఎత్తుకుపోవడంతో మొదలవుతుంది. ప్రపంచమంతా చూసింది. ఆ పిల్ల పాడిన పాట తెలుగు. కొమురం భీం మీద అల్లాణి శ్రీధర్ 1990లో తీసిన సినిమా థియేటర్లకు వచ్చింది 2010లో. ఇరవై ఏళ్ళు డబ్బాలో ఉంది. ఇవి తెలిసిన పిల్లలు కూడా సినిమా అనగానే భీం తీద్దాం సార్ అంటారు. కట్టె తుపాకులు, కిరాణా దుకాణం మీసాలు. మేం వద్దన్నాం. జోడేఘాట్ యుద్ధం ఆరు నిమిషాల్లో ఫోన్ మీద తీస్తే, అది పెద్ద సినిమాకు చిన్న నకలు అవుతుంది. భీం చిన్నవాడవుతాడు.

ఇంద్రవెల్లి కూడా అంతే. 1981 ఏప్రిల్ 20 కాల్పులు తీయాలని ఒకసారి తొమ్మిదో తరగతి వాళ్ళు పట్టుబట్టారు. కాల్పులు ఎలా తీస్తారు? టపాకాయలతోనా? తీయకండి, ఇంటికి పోయి మీ కాకోను అడగండి, ఆ రోజు నువ్వెక్కడున్నావని, అని పంపాం. ముగ్గురు అడిగారు. ఇద్దరు అమ్మమ్మలు మాట మార్చారట. ఒకామె బియ్యం చెరుగుతూ చెరుగుతూ ఆగి, మళ్ళీ చెరగడం మొదలుపెట్టిందట. చాలా ఏళ్ళు ఆ రోజున స్తూపం దగ్గరికి పోవడానికే 144 సెక్షన్ అడ్డం. మాట రాకపోవడంలో వింతేముంది? చేట ఆగిన ఆ క్షణాన్ని తీయగలిగితే చాలని పిల్లలకు చెప్పాం. వాళ్ళింకా తీయలేదు. ఆమె ఒప్పుకోవాలి కదా.

చిన్న సంగతి చాలదేమో అని భయపడే ఉపాధ్యాయులకు మేం ఒక ఇరాన్ సినిమా చూపిస్తాం. అబ్బాస్ కియరోస్తామి 1970లో తీసిన మొదటి లఘుచిత్రం, పది నిమిషాలు, పేరు తెలుగులో చెప్పాలంటే 'రొట్టె, సందు'. ఒక పిల్లవాడు రొట్టె పట్టుకుని ఇంటికి పోతున్నాడు. సందులో కుక్క. అంతే కథ. పోయేవాళ్ళ వెనక నక్కి పోదామని చూస్తాడు, కుదరదు. చివరికి రొట్టె ముక్క తుంచి కుక్కకు వేస్తాడు. టెహరాన్‌లో పిల్లల కోసం పెట్టిన ఒక సంస్థ తరఫున తీశాడాయన. మా పిల్లలు దాన్ని మూడుసార్లు వేయించుకుని చూశారు. భాష తెలియాల్సిన పని పడలేదు. ప్రతి గూడెం పిల్లవాడికీ ఒక కుక్క ఉన్న సందు తెలుసు.

మన దేశంలోనే జార్ఖండ్‌లో బీజు టోప్పో ఉన్నాడు, ఉరావ్ ఆదివాసీ. మేఘనాథ్‌తో కలిసి 'అఖ్డా' పేరిట ఎన్నో ఏళ్ళుగా డాక్యుమెంటరీలు తీస్తున్నాడు, జాతీయ అవార్డులు తెచ్చుకున్నాడు. మహారాష్ట్రలో వడార్ కులం నుంచి వచ్చిన నాగరాజ్ మంజులే 'ఫండ్రీ' కంటే ముందు 'పిస్తుల్యా' అనే లఘుచిత్రంతోనే మొదలుపెట్టాడు. బడికి పోవాలనుకునే ఒక పిల్లవాడి కథ అది. అంశం చూస్తే మా జాబితాలోని 'బడి మానేయడం' లాంటిదే. కానీ ఆ పిల్లవాడు ఆ సినిమా తీసినవాడికి పరాయివాడు కాదు. తేడా అక్కడుంది.

మరి కథ ఎక్కడి నుంచి తేవాలి? మేం పోయినేడు చేసిన పని చెప్తాం. పద్ధతి అని పేరు పెట్టేంత గొప్పదేం కాదు. దసరా సెలవులకు ఇంటికి పోయేటప్పుడు ప్రతి పిల్లకూ ఒక చిన్న నోట్‌బుక్ ఇచ్చాం. రోజుకు ఒకటే వాక్యం రాయాలి: ఈ రోజు నువ్వు చూసినదాంట్లో నీకు అర్థం కానిది ఏమిటి? గోండిలో రాసినా సరే, తెలుగు అక్షరాల్లో రాసినా సరే, బొమ్మ వేసినా సరే. నీతి రాయొద్దు. 'మనం చెట్లు నరకరాదు' అని రాస్తే ఆ పేజీ చింపేస్తామని బెదిరించాం.

సగం పుస్తకాలు ఖాళీగా వచ్చాయి. కొన్ని రాలేదు. మిగిలినవాటిలో వచ్చినవి చూడండి. రేషన్ షాపు మిషన్ అమ్మమ్మ వేలిముద్ర తీసుకోవడం లేదు, డీలర్ ఆమె వేలిని తన లుంగీకి తుడిచి మళ్ళీ పెట్టాడు. నా పేరు ఆధార్‌లో ఒక తీరు, కుల ధ్రువీకరణ పత్రంలో ఇంకో తీరు, ఇంట్లో పిలిచేది మూడోది, నేనెవరు? మామ కొత్త ఫోన్ కొన్నాడు గానీ సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలి, గుట్ట మీద మాట్లాడేది అందరికీ వినపడుతుంది. కొత్త వదిన నాగోబాకు భేటింగ్‌కు పోతుంది, ఆమెకు భయమేస్తున్నదని నాకొక్కదానికే చెప్పింది. వీటిలో ఏ ఒక్కటీ ఆఫీసు జాబితాలో లేదు. ఏ ఒక్కటీ మాకు తట్టలేదు, మేం కూడా ఆ ఊళ్ళలోనే పుట్టినా.

ఒక పుస్తకంలో, ఐదో తరగతి పిల్లది, ఇలా ఉంది: 'అమ్మ తలమీద ఏరు తెచ్చింది.' తెలుగు సార్ దాని కింద ఎర్ర గీత కొట్టి 'ఏరు' తీసి 'నీరు' అని రాశాడు. గోండిలో ఏర్ అంటే నీళ్ళు. తెలుగులో ఏరు అంటే వాగు. పిల్ల తన మాటే రాసింది, దానికి తెలుగు 'ఉ'కారం తగిలించింది, అంతే. కానీ ఆమె అమ్మ నిజంగానే వాగు దగ్గరి నుంచే తెస్తున్నది కూడా. ఆ ఎర్ర గీత కొట్టిన సార్ మాలో ఒకడే, గోండే, ఇంట్లో ఏర్ అనే అడుగుతాడు. పిల్లలు ఆ వాక్యాన్ని సినిమా చేద్దామన్నారు: తల్లి తలమీద వాగు మోసుకొస్తున్నట్టు పిల్ల బొమ్మ వేస్తుంది, సార్ బొమ్మ మీద కూడా ఎర్ర గీత కొడతాడు. ఆ సార్ నవ్వి, నా గీత నేనే కొడతా అన్నాడు.

భాష సంగతి ఎత్తాం కాబట్టి ఇంకొంచెం. 1943లో హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం పెట్టించాడు, గోండి భాషలో దేవనాగరి లిపిలో వాచకాలు తయారయ్యాయి. ఎనభై ఏళ్ళు దాటింది. గుంజాలలో దొరికిన మన సొంత లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. ఫోన్‌లో గోండి అక్షరాలు రాయొచ్చు. బడిలో మాత్రం 'తెలుగులో మాట్లాడు' అనే మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఉపాధ్యాయ పోస్టులు స్థానిక ఆదివాసులకే అన్న 2000 నాటి మూడో నంబర్ జీవోను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. పిల్ల 'ఏరు' అని రాస్తే అది తప్పు కాదని తెలిసినవాళ్ళు తరగతి గదిలో తగ్గిపోతే, సినిమాకు కథ అడిగేవాడు ఎవరు? అడిగినా పిల్ల ఏ భాషలో చెప్పాలి? వ్యాఖ్యానం తెలుగులో పెడితే రాష్ట్రమంతా అర్థమవుతుంది కదా అంటారు కొందరు. కింద అక్షరాలు వేయండి. ఇరాన్ సినిమాకు వేసుకుని చూస్తున్నాం కదా, ఆదిలాబాద్ పిల్లకు వేయలేరా?

ఇక మేం నిజంగా తీసిన కథ. ఏడో తరగతి అమ్మాయి పుస్తకంలో రెండు వాక్యాలు: 'సెలవులయ్యాక తమ్ముడు పన్నెండు రోజులు ఆలస్యంగా బడికి వచ్చిండు. వాని బ్యాగుల పుస్తకాల కింద పత్తిగింజలు దొరికినయ్.'

మేం వెంటనే ఎగిరి గంతేశాం. బాలకార్మికులు! అంశం దొరికింది. తండ్రి కొడుకును బడి మాన్పిస్తాడు, సార్ వచ్చి... మళ్ళీ మొదలు. ఆ అమ్మాయి అడ్డుపడింది. "మా బాపు మాన్పియ్యలే సార్. వాన మబ్బు పట్టింది." అప్పుడు పిల్లలు మాకు పత్తి పాఠం చెప్పారు. తేమ ఎనిమిది శాతం దాటితే సీసీఐ ధర కోస్తుంది, పన్నెండు దాటితే అసలు కొనదు. ఏరే కూలీలు కిలోకింత అడుగుతారు, ఆ వారం అందరి చేలూ ఒకేసారి పగిలాయి, కూలీలు దొరకరు. మబ్బు పట్టింది. ఇంట్లో ఎన్ని చేతులుంటే అన్ని చేతులూ చేలోనే. వాడు ఏరిన పత్తి పెట్టడానికి గోనె చాలక బడి బ్యాగు ఖాళీ చేసి అందులో నింపాడు. ఆ తండ్రిని దుర్మార్గుణ్ణి చేస్తే మబ్బు తప్పు, ధర తప్పు, తేమ కొలిచే మిషన్ తప్పు అన్నీ ఆయన నెత్తిన పడతాయి.

సరే, తండ్రి దోషి కాడు. మరి కథలో ఎవరికి ఏం కావాలి? ఈ ప్రశ్న బోర్డు మీద రాశాం. తమ్ముడికి బడికి రావాలని ఉందా? ఉందని అక్క అంది. ఎందుకు? వాడికి ఈ ఏడే చదవడం వచ్చింది. గోడల మీద, సిమెంటు సంచుల మీద, బస్సు మీద కనబడిందల్లా కూడబలుక్కుని చదువుతున్నాడు. ఇది మాకు తెలియదు. తరగతిలో వాడు వెనక బెంచీ. ఈ సంగతి తెలిశాక కథ తిరిగింది. పత్తి చేలో కూడా వాడు చదువుతాడు: విత్తనాల ఖాళీ ప్యాకెట్టు మీది అక్షరాలు, మందు డబ్బా మీది 'విషం'. పన్నెండు రోజులు అయిపోయాయి. బడికొచ్చాడు. తర్వాత ఏం జరుగుతుంది?

ఇక్కడ రెండు రోజులు ఆగిపోయాం. ఒకరు సార్ కొడతాడన్నారు. ఒకరు సార్ మెచ్చుకుంటాడన్నారు. ఆ తమ్ముడే, మూడో తరగతి, అప్పటిదాకా గోడకానుకుని కూర్చున్నవాడు, మెల్లగా చెప్పాడు. సార్ బయటికి పోయినప్పుడు బల్లమీద హాజరు పట్టీ తెరిచి ఉంటుంది. పిల్లవాడు తన పేరు వెతుక్కుని చదువుతాడు. పేరుకు ఎదురుగా పన్నెండు రోజులకూ 'హా' అని ఉంటుంది. సార్ రాగానే అడుగుతాడు: "సార్, నేను ఈడనే ఉన్ననా?"

గదిలో పిల్లలు నవ్వారు. మేం నవ్వలేదు.

హాజరు తగ్గితే పైనుంచి ప్రశ్నలొస్తాయి, మెస్ లెక్కలు మారతాయి, బడి మూసేస్తారేమో అన్న భయం ఉంటుంది. ఇవన్నీ నిజమైన భయాలే. మా బడిలో అలా జరిగిందని మేం రాయడం లేదు. జరగలేదని కూడా రాయడం లేదు. ఆ సాయంత్రం స్టాఫ్ రూములో గొంతులు లేచాయి. ఉద్యోగాలు పోగొట్టుకుందామా అన్నారు కొందరు. పిల్లలకు కథ చెప్పే స్వేచ్ఛ ఇద్దామన్నది ఎవరు, ఇప్పుడు భయపడేది ఎవరు అన్నారు కొందరు. ఒక మేడమ్ అన్న మాటతో అందరం చల్లబడ్డాం: "తాగుబోతు నాయనను తీసినప్పుడు ఆ నాయనల ఇజ్జత్ గురించి మనం ఒక్క నిమిషం ఆలోచించినమా?"

పైనుంచి వచ్చే అంశాల జాబితా మాకెందుకు అంత హాయిగా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఆ ఐదు అంశాల్లో ఉపాధ్యాయుడు ఎప్పుడూ చివర్లో వచ్చి కాపాడేవాడే. పిల్లల సొంత కథల్లో మేం కూడా కనిపిస్తాం, ఎర్ర గీతతో, హాజరు పట్టీతో. ఆఫీసును తిట్టడం సులువు. ఈ బుక్‌లెట్ చదివే ఉపాధ్యాయులు చాలామంది మాలాగే ఉన్నారని మాకు తెలుసు. పిల్లలు కథ చెప్పలేరు, ఊహాశక్తి లేదు, అని మీరూ మేమూ అన్న ప్రతిసారీ, వాళ్ళు చెప్పబోయే కథలో మన పాత్ర ఏమిటో ఒకసారి చూసుకోవాలి.

సినిమా తీశాం. మొదట పదకొండు సీన్లు రాసుకుంటే కోసి ఆరు చేశాం. గుట్టల మీద సూర్యోదయం పోయింది. తండ్రి తన కష్టం చెప్పుకునే సీను పోయింది, మబ్బు చూపిస్తే చాలు. పాట పోయింది, దానికి పిల్లలు అలిగారు. గాలికి మాటలు వినపడక రెండో ఫోన్‌ను తమ్ముడి చొక్కా జేబులో పెట్టి శబ్దం విడిగా తీశాం. చేను నిజంగా వాళ్ళదే, తండ్రిని ముందే అడిగాం, మొత్తం కథ చెప్పి అడిగాం. ఆయన ఒక్కటే షరతు పెట్టాడు, తీసేటప్పుడు ఏరడం ఆపనని. ఆపలేదు. తెరమీద ఆయన వీపు, చేతులు కదులుతూనే ఉంటాయి. కొత్త రిజిస్టరు కొని ఉత్తుత్తి పేర్లు రాశాం. సార్ పాత్ర మాలో ఒకరు వేశారు. చివరి ప్రశ్నకు ఏం జవాబు చెప్పాలని ఆయన అడిగితే పిల్లలు ఏం చెప్పొద్దన్నారు. సార్ ముఖం మీద ఐదు సెకన్లు, అయిపోయింది.

జాబితాలో 'బడి మానేయడం' ఉంది కదా, దాని కిందికే వస్తుందని పంపాం. మూడు వారాలకు తిరిగొచ్చింది. సందేశం స్పష్టంగా లేదట. ఉపాధ్యాయుని పాత్రను సానుకూలంగా మార్చి మళ్ళీ పంపగలరట. మార్చలేదు. బహుమతి వేరే బడికి వెళ్ళింది, పరిశుభ్రత మీద తీసినదానికి. ఆ పిల్లల మీద మాకేం కోపం లేదు, చేతులు కడుక్కోవడం మంచిదే.

మా ఊళ్ళలో మాత్రం వేశాం, అదే తెల్లదుప్పటి మీద. విషం అని చదివే సీనులో ఆడవాళ్ళు నవ్వారు, పత్తిమందు డబ్బాలోనే నీళ్ళు పట్టుకునే ఇళ్ళు కొన్ని ఉన్నాయి. పట్లా ఈసారి ఏమీ అడగలేదు. ఆ తర్వాత వారం ఒక తండ్రి బడికొచ్చి, మా పిల్ల హాజరు చూపియ్యండి అన్నాడు. చూపించాం.

తీయదలచుకున్న యువకులకు ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. మనవాళ్ళమే కదా అని అన్నీ తీసేయొద్దు. పెర్సాపేన్ దగ్గర ఏది కెమెరాకు చూపొచ్చో ఏది కూడదో కటోడాను అడగండి. కూడదంటే కూడదు. ప్రధాన్ కిక్రీ వాయిస్తూ కథ చెప్తుంటే అది ఆయన వంశం మోసుకొస్తున్న సొత్తు, పేరు వేయకుండా వెనక సంగీతంగా వాడుకుంటే అది దొంగతనమే. బయటివాడు తీస్తే కేకలేసి, మనం తీస్తే హక్కు అనుకోవడం కుదరదు.

హక్కు అన్నాక మా మీద మేమే చెప్పుకోవాల్సింది ఇంకొకటుంది. మా బడిలో గోండు పిల్లలు ఎక్కువ. కోలాం పిల్లలు కొద్దిమంది. నోట్‌బుక్కుల కథలు చెప్పుకునే రోజు ఆరో తరగతి కోలాం పిల్లవాడు లేచి తన భాషలో మొదలుపెట్టాడు. గోండు పిల్లలు కిసుక్కుమన్నారు. మేమేం చేశాం? 'గోండిలో చెప్పు, లేకపోతే తెలుగులో చెప్పు' అన్నాం. మా నోటితోనే అన్నాం, తెలుగు సార్లు మాతో అన్నట్టుగానే. వాడు కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు. మా ఊరి దేవతల పూజలకు కోలాం పూజారి కావాలి మాకు, కోలాం పిల్లవాడి కథకు మాత్రం ఓపిక లేదు. తోటి పిల్లల సంగతి ఇంతకంటే మెరుగ్గా ఏం లేదు.

వాడు చెప్పిన దాంట్లో మాకు ఒక్క మాటే అందింది: ఈర్. నీళ్ళు. మిగతా అంతా చేతులతో చూపించాడు, వెదురు బద్ద చీల్చినట్టు, బుట్ట అల్లినట్టు, ఆ బుట్టతో ఏదో ముంచినట్టు. బుట్టతో నీళ్ళెట్ల వస్తాయిరా అని ఎవరో నవ్వింది అక్కడే. దాని తర్వాత ఏం జరిగిందో కథలో, మాకు తెలియదు. వాళ్ళ తాతకు మూడు భాషలూ వచ్చు. పోయి అడిగాం. పత్తి అయిపోయినాక, శనగ కోసినాక వస్తానన్నాడు. ఫోన్ ఛార్జింగ్ పెట్టి, నోరు మూసుకుని కూర్చోమన్నాడు మమ్మల్ని.